గంట ప్రయాణం

చీఫ్‌కి పని అప్పగించేటప్పుడు మనిషి మొహం చూసే అలవాటు లేదు. గోడ మీది మ్యాప్‌తో మాట్లాడతాడు.

శాంతి ఒప్పందానికి వచ్చిన ప్రతినిధులకి ఆ సాయంత్రం తిరుగు ప్రయాణం. వాళ్లని దారిలోనే లేపేయాలని విదేశీ ముఠా పథకం వేసింది. స్పెషల్ రైలు, స్పెషల్ ఫ్లైట్ రెండూ సిద్ధంగా ఉన్నాయి. బాంబు ఎందులో ఉందో తెలిసిన ఇన్‌ఫార్మర్ రేవు పట్నంలో ఉన్నాడు. అతన్ని కలవడానికి ఏజెంట్ నెమలి పొద్దుటి ఫ్లైట్‌లో వెళ్లింది.

"తిరిగొచ్చి ఇక్కడ దిగగానే నాకు ఫోన్ చేస్తుంది. ఆవిణ్ణి క్షేమంగా తీసుకురా. అంతే నీ పని," అన్నాడు చీఫ్ మ్యాప్‌తో.

డేగ తలూపాడు. నెమలి అతని వదిన. అన్న సరిహద్దు అవతల పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాక, ఏడాది తిరక్కుండా ఇదే డిపార్ట్‌మెంట్‌లో చేరింది. సిఫారసు చేసింది డేగే.

ఖాకీ చొక్కా, అతికించిన మీసం, మీటర్లో వైర్‌లెస్ దాచిన టాక్సీ. అతను ఎయిర్‌పోర్ట్ చేరేసరికి ఫ్లైట్ ఇంకా రాలేదు. వేళకే బయల్దేరిందనీ, మిస్సైల్ పరీక్ష కోసం తిన్నటి దారి మూసేయడంతో సముద్రం మీదుగా చుట్టు తిరిగి వస్తోందనీ కౌంటర్లో గుమస్తా విసుక్కుంటూ చెప్పాడు. ఆరువందల కిలోమీటర్లు, గంట ప్రయాణం. అది కాస్తా రెండున్నర గంటలైంది.

ఎట్టకేలకు దిగిన జనంలోంచి నెమలి వచ్చింది. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు. చుట్టుపక్కల తలలన్నీ అటే తిరిగాయి.

"బండి ఖాళీయేనా?"

"ఖాళీయే. మీటరే మొండికేసింది."

కోడ్ కుదిరింది. వెనక సీట్లో కూర్చుంటూనే, బాంబు రైల్లో ఉందని చీఫ్‌కి ఫోన్ చేసేశానంది. ప్రతినిధుల్ని హుటాహుటిన విమానం ఎక్కించేశారట. హమ్మయ్య అనుకున్నాడు డేగ. బాగా అలసిపోయి ఉంటారన్నాడు.

"అలసటేముంది? అక్కడ బయల్దేరడమే ఆలస్యం. గాల్లో ఉన్నది గంటేగా. కునుకు తీసేలోపు దిగిపోయాం."

ఆ ఫ్లైట్‌లో వచ్చినవాళ్లెవరూ ఆ మాట అనరు. వదిన అసలు ఊరే దాటలేదు, దిగిన జనంలో కలిసిపోయి బయటికొచ్చింది. ఇన్‌ఫార్మర్‌ని కలవనూ లేదు. రైలన్నది అబద్ధమైతే, బాంబు విమానంలోనే ఉంది.

మీటర్ లోపలి మైక్ అందుకున్నాడు. మెడకి చల్లగా పిస్టల్ ఆనింది.

"మీ అన్న దొరికిపోయినప్పుడు చీఫ్ ఏమన్నాడు? అతనెవరో మాకు తెలీదన్నాడు. నువ్వు ఆ పక్కనే నించున్నావు. నోరెత్తలేదు."

"ఎత్తలేదు వదినా," అన్నాడు డేగ. బటన్ నొక్కాడు. "కంట్రోల్, స్పెషల్ ఫ్లైట్ ఆపండి. బాంబు అందులోనే ఉంది."

పిస్టల్ పేలలేదు. అద్దంలో చూస్తే, ఆమె కళ్లద్దాలు తీసేసి రన్‌వే వైపు చూస్తోంది.

చక్రాలు నేల విడవబోయే క్షణంలో పైలట్ బ్రేకులు తొక్కాడు. విమానం జారుకుంటూ పోయి గడ్డిలో ఆగింది. భోజనాల ట్రాలీలో ఒక ఫ్లాస్క్ దొరికింది. ఎత్తుకు వెళ్లాక పేలేలా అమర్చిన బాంబు అది.

ఆమెకి బేడీలు వేశారు. వ్యాన్ ఎక్కేముందు, "నిన్ను కాల్చాల్సింది," అంది. అవునన్నాడు డేగ.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. పతకానికి పేరు రాస్తానన్నాడు. కోడలు వచ్చాక కలిసి తిందామని ఇంటి దగ్గర డేగ తల్లి ఎదురుచూస్తోందని చీఫ్‌కీ తెలుసు.

"ఆవిడకి ఏం చెప్తావోయ్?"

డేగ మీసం పీకి టాక్సీ కిటికీలోంచి పారేశాడు.

"ఫ్లైట్ లేటని చెప్తాను సార్. ఆ ఒక్క మాటా ఎవరూ అనుమానించరు."