చేతికందే తాడు

ఆ రోజు పొద్దున దుర్గవ్వ కళ్లు తెరిచేసరికి నీళ్ల సీసా స్టూలు మీద ఉంది. పడుకునేటప్పుడు అది కిటికీ గట్టు మీద ఉంది. స్టూలు కూడా నిన్న ఇక్కడ లేదు, వంటింట్లోది. దాని మీద మందుల డబ్బా, ఫోను, తువ్వాలు వరుసగా పెట్టి ఉన్నాయి. అన్నీ చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాయి.

వంటింట్లో కోడలు ఉష చాయ్ పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దుర్గవ్వ సీసా వైపు చూసింది. తాగలేదు.

ఆమె శివరాత్రి ముందు స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో రాడ్డు వేశారు. కింద కూర్చోవద్దని, వంగవద్దని, వానలు పడేదాకా ఇల్లు కదలవద్దని చెప్పి పంపారు. దుర్గవ్వది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటే తప్ప నేత సాగదు. ముందు గదిలో సగం చోటు ఆ మగ్గానిదే. దాని మీద అంచులో గొల్లభామ బొమ్మలుండే చీర సగం నేసి ఆగింది. ఉష దాని మీద పాత దుప్పటి కప్పింది.

కొడుకు సిద్ధార్థ భీవండిలో మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్లిద్దరే.

ఉగాది దాటాక ఉష ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. గాలి వస్తుందని మంచాన్ని ముందు గదికి తెచ్చి కిటికీ పక్కన వేసింది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచింది. స్నానాల గది గోడకు ఇనుప పైపు బిగించింది, నేల మీద గోనె సంచి పరిచింది. ఫ్యాను స్విచ్చిని వైరుతో మంచం దగ్గరికి లాగించింది. వాకర్ తగలకుండా వంటింటి గడపకు చెక్క వాలుగా వేసింది. దుర్గవ్వకు అదంతా బాగానే అనిపించింది. కోడలు తెలివిగలదని కిటికీలోంచి పక్కింటి రాధమ్మకు ఒకసారి చెప్పింది కూడా.

అనుమానం చాపత్తి డబ్బాతో మొదలైంది. ఒకరోజు వాకర్ పట్టుకుని వంటింటి దాకా పోతే, పై అరలో ఉండే చాపత్తి, చక్కెర, ఉప్పు డబ్బాలు నడుమెత్తు అరలోకి దిగి కనిపించాయి. చాయ్ పెట్టేది ఉష. పై అర ఉషకు అందుతుంది. మరి డబ్బాలు ఎవరి కోసం దిగినట్టు?

అప్పటి నుంచి దుర్గవ్వ ఇంట్లో ప్రతి వస్తువునూ అదే ప్రశ్న అడిగింది. అందించే మనిషి ఉంటే నీళ్లు పక్కనే ఎందుకు? స్విచ్చి వేసే మనిషి ఉంటే వైరెందుకు? ఇల్లు రోజురోజుకూ సౌకర్యంగా మారుతోంది. మారేకొద్దీ అది ఒంటరి మనిషి ఉండే ఇల్లులా కనిపిస్తోంది.

దానికి తోడు ఉష చెయ్యి ఇవ్వడం మానేసింది. ఇంతకు ముందు మంచం మీద నుంచి లేపేటప్పుడు రెక్క పట్టుకునేది. ఇప్పుడు వాకర్ ఎదురుగా పెట్టి పక్కకు నిలబడి, లేవమంటోంది. దుర్గవ్వ మోచేతుల మీద సగం లేచి మళ్లీ వెనక్కి పడుతోంది. రెండు మూడుసార్లు పడ్డాక గాని ఉష ముందుకు రావడం లేదు. కసరత్తు చేయించే అమ్మాయి అలాగే చేయమన్నదని అంటోంది. ఆ అమ్మాయి ఇంటికి వచ్చి నెల దాటింది.

దుర్గవ్వ మిరుదొడ్డిలో ఉన్న కూతురు రమ్యకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. రమ్య అంతా విని, తనే వచ్చి తీసుకుపోదును గాని తమ ఇంట్లో అత్త కూడా మంచంలోనే ఉందని, కొన్నాళ్లు ఓర్చుకోమని చెప్పింది. దుర్గవ్వ సరేనంది. ఉష పోతే తనకు ఇంకో జాగ లేదని ఆ ఫోనుతో తేలింది.

మరునాడు రాధమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

"అక్కా, చెప్పొద్దనుకున్న. నిన్న నీ కోడలు భీవండి బస్సు కాడ నిలవడ్డది. డ్రైవర్‌తోని మాట్లాడుతుండె."

"ఏం మాట్లాడింది?"

"నేనెందుకు ఇంట? గట్ల దగ్గరికి పోయి ఇనే అలవాటు నాకు లేదు."

"లేకుంటనే ఇంత చెప్తున్నవా?"

రాధమ్మ నవ్వి, పొయ్యి మీద పప్పు ఉందని వెళ్లిపోయింది.

దుర్గవ్వ లెక్క కలుపుకుంది. సిద్ధార్థ ఫోన్ చేస్తే ఉష పెరట్లోకి పోయి మాట్లాడుతోంది. తనతో వాడు రెండు మాటలే మాట్లాడి పెట్టేస్తున్నాడు. వాడు రమ్మంటున్నాడు, ఈమె పోతోంది. అసలు ఉష ఈ ఇంటి మగ్గం చూసి వచ్చిన మనిషి కాదు. మద్దూరులో తాటిచెట్లెక్కి కల్లు గీసే వీరయ్య బిడ్డ. సిద్ధార్థ తనంతట తానే పెళ్లి చేసుకున్నాడు. దుర్గవ్వ ఏడాది మాట్లాడలేదు, ఆ తర్వాత ఇంట్లోకి రానిచ్చింది.

వీరయ్య పోయినప్పుడు ఉష పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆయన మోకు ఒక్కటే. చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. మగ్గం ఉన్న ఇంట్లోకి కల్లు తాడు గడప దాటి రావద్దని దుర్గవ్వ అప్పుడు అన్నది. ఉష ఎదురు చెప్పలేదు. మోకును వెనక కట్టెల కొట్టంలో మేకుకు తగిలించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ మధ్యాహ్నం మందు వేసుకుని దుర్గవ్వ నిద్రపోయింది. లేచేసరికి ఎండ కిటికీ దాటి పోయింది. ఇంట్లో చప్పుడు లేదు. మంచం తలాపున ఒక తాడు వేలాడుతోంది.

తాడు గోడకు కొట్టిన రెండు ఇనుప కొక్కేల మీదుగా పోయి ముందు తలుపు గడియకు చేరింది. గడియ రెండో వైపు సైకిల్ ట్యూబు ముక్క కట్టి ఉంది. తాడు గుంజితే గడియ తీసుకుంటుంది, వదిలితే ట్యూబు దాన్ని మళ్లీ వేస్తుంది. ఎవరైనా వస్తే మంచంలో నుంచే తలుపు తీయవచ్చు.

దుర్గవ్వ తాడు కొసను చేతిలోకి తీసుకుంది. కొసకు కర్రపిడి ఉంది. పిడి మీద వేళ్లు ఆనిన చోట కర్ర అరిగి నునుపుదేలి ఉంది. ఆ అరుగుదల ఆమె చేతిదే. పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిడి గుంజి, నూలు కండె ఉండే నాడెను పడుగు దారాల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి విసిరింది. అది ఆమె మగ్గం తాడు.

తలుపు బయట ఉష గొంతు వినిపించింది.

"అత్తమ్మా, లేసినవా? గా తాడు గుంజు. గడియ అదే వస్తది."

దుర్గవ్వ గుంజలేదు. ఉష మళ్లీ పిలిచింది. జవాబు రాకపోయేసరికి కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి చూసింది. వెనక తలుపు నుంచి బయటికి పోయి దానికి తాళం వేసి, ఈ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు వైపుకు వచ్చింది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.

"ఈ తాడు యాడిది?" అని దుర్గవ్వ అడిగింది.

"మగ్గానిది. ఖాళీగ ఉన్నదని ఇప్పిన."

"మగ్గం ఖాళీగ లేదు. దాని మీద సగం చీర ఉన్నది."

ఉష దుప్పటి కప్పిన మగ్గం వైపు చూసింది.

"మీ మామ పోయిన్నాడు అన్నిటికంటె ముందు ఆయన మగ్గం తాడు ఇప్పిన్రు. ఈ ఇంట్ల తాడు ఇప్పిన్రంటె నేసే మనిషి ఇగ లేనట్టు. నేను ఇంక ఊపిరి తీస్తనే ఉన్న, పిల్లా."

ఉష చువ్వలు పట్టుకుంది. మామ రాజమల్లయ్య పోయింది ఆమె ఈ ఇంటికి రాకముందు. "నాకు తెల్వది అత్తమ్మా," అంది. "నాకు ఎవ్వరు చెప్పలే."

చెప్పాల్సింది తనేనని దుర్గవ్వకు తెలుసు. అయినా ఆగలేదు. భీవండి బస్సు దగ్గర ఏం పని అని అడిగింది. సిద్ధార్థకు మామిడికాయ తొక్కు డబ్బా పంపించానని ఉష చెప్పింది.

"ఉప్పు సరిపోయిందా లేదా నువ్వే చూసినవ్ గదా."

చూసిన మాట నిజమే. ఉప్పు తక్కువైందని తనే ఇంకో గుప్పెడు వేయించింది. దుర్గవ్వ పిడిని ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మరి చాపత్తి డబ్బ ఎందుకు దించినవ్?"

ఉష తల తిప్పి పక్కకు చూసింది. రాధమ్మ ఇంటి తలుపు సగం తెరిచి ఉంది.

"పోతున్నవ్," అంది దుర్గవ్వ.

"పోతున్న. భీవండికి కాదు, కుట్టు షెడ్డుకు. బడి పిల్లల డ్రెస్సులు కుట్టేందుకు తీసుకున్నరు. పొద్దుగాల పోయి మాపటికి వస్త."

మిగతాది ఉష మెల్లగా చెప్పింది. హోలీ తర్వాత సిద్ధార్థ పనిచేసే షెడ్డు మూతపడింది. ఇంకో షెడ్డులో పని కోసం తిరుగుతున్నాడు. అమ్మకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. కుట్టు షెడ్డువాళ్లు ఎల్లుండి నుంచి రమ్మన్నారు. ఇల్లు సర్దడమంతా దాని కోసమే.

దుర్గవ్వ కోడలిని బయట నిలబెట్టే కొడుక్కి ఫోన్ చేసింది. షెడ్డు నడుస్తోందా అని అడిగింది.

"మూసిన్రు అవ్వా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు గుంటల దిగుతవ్."

దుర్గవ్వ ఫోను స్టూలు మీద పెట్టింది. దిగేది. చెప్పిన రోజే దిగేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే కొడుకును ఏమీ అనలేకపోయింది. ఆ ఇద్దరూ దాచిపెట్టింది తన నుంచి తనను కాపాడడానికని అర్థమైంది. కానీ కోపం వెంటనే పోలేదు. అది వెతుక్కుంటూ పోయి ఇంకో ప్రశ్న దగ్గర ఆగింది.

"అన్ని అందేటట్టు పెట్టినవ్. మరి లేసుడు ఎట్ల?"

"గదే దొరుకుతలేదు," అంది ఉష. "చెయ్యి ఇయ్యకుంట సూసిన. నీతోని అయితలేదు. గోడకు రాడ్డు పెడదమంటె, ఈ గదిది మట్టిగోడ, ఆగదన్నడు వడ్రంగాయన. దూలానికి తాడు కట్టుకొమ్మన్నడు. మామూలు తాడు కాదు, మనిషిని మోసేది కావాలన్నడు."

"తేకపోతివి?"

"ఉన్నది."

అని ఉష నోరు మూసుకుంది. ఎక్కడ ఉందని దుర్గవ్వ అడగబోయి ఆగింది. అడగాల్సిన పని లేదు. కట్టెల కొట్టంలో మేకుకు ఉంది. గడప దాటవద్దన్నది తనే. తను అన్న మాట దాటకూడదనే ఈ పిల్ల ఇల్లంతా వెతికి, ఖాళీగా ఉందనుకున్న మగ్గం తాడు విప్పింది. వాళ్ల బాపు తాడును మాత్రం ముట్టుకోలేదు.

దుర్గవ్వ పిడి గుంజింది. గడియ జారింది. ఉష తలుపు నెట్టుకుని లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"ముందు ఈ తాడు ఇప్పి మగ్గానికి కట్టు. ఎట్ల కట్టాల్నో నేను చెప్త."

ఉష మగ్గం మీద దుప్పటి తీసి తాడు కట్టింది. మొదటిసారి తప్పు కట్టింది. దుర్గవ్వ మంచంలో నుంచే విప్పించి మళ్లీ కట్టించింది. గడియకు బట్టలారేసే తాడు ముక్క చాలంది. పని అయ్యాక ఉష దుప్పటి కప్పబోతే కప్పవద్దని, వానలు పడేదాకా గుంటలో దిగను గాని రోజూ చూసుకుంటానని చెప్పింది.

"ఇగ గది కూడ తే."

"ఏది?"

"మీ బాపుది."

ఉష కదలలేదు. "గడప దాటొద్దంటివి," అంది.

"అన్న. చెట్టు మీద మీ బాపును మోసింది. నన్ను మోయదా?"

ఉష బయటి నుంచి చుట్టూ తిరిగి పోయి, వెనక తలుపు తాళం తీసి కొట్టంలోకి పోయింది. మోకు తెచ్చి గడప దగ్గర కూర్చుని, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది. దుమ్ము పోయాక కూడా తుడుస్తూనే ఉంది. దుర్గవ్వ ఆమెను తొందర పెట్టలేదు. కొంతసేపటికి చెయ్యి చాపితే అందిన తువ్వాలుతో తన కళ్లు కూడా ఒత్తుకుని, కోడలు ఎక్కడ చూస్తుందోనని దాన్ని దిండు కిందికి తోసింది.

ఉష కింద మోకు పట్టుకుంటే, మంచం పైనున్న దూలానికి కట్టడానికి రాధమ్మే స్టూలెక్కింది. పిలవకుండానే వచ్చింది.

ఉష పనికి పోయే రోజు పొద్దున చాయ్ దుర్గవ్వే పెట్టింది. చక్కెర ఎక్కువైంది. ఉష తాగి, బాగుందని చెప్పి, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసింది. లోపల గడియ పడింది.

ఆమె అక్కడి నుంచి కదలలేదు. లోపల దుర్గవ్వ మంచం మీదికి చేరిన చప్పుడు అయింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఉష కిటికీ వైపు ఒక అడుగు వేసింది.

"చూస్తున్నవా? పో, పనికి యాల్లయితుంది," అంది లోపలి నుంచి దుర్గవ్వ. "నేను మల్ల లేస్త."

ఉష అక్కడే నిలబడింది. లోపల దూలం కిర్రుమంది. ఆపైన నేల మీద వాకర్ ఆనిన చప్పుడు, దాని వెనకే అడుగు చప్పుడు. అవి మగ్గం వైపు పోతున్నాయి. అప్పుడు ఉష నడిచింది.