ఎర్ర గొడుగు

రోజూలాగే పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టి, అమరేశ్వరరావు కూతుర్ని చెయ్యి పట్టుకుని డాబా మీదికి ఎక్కించాడు. తాడేపల్లిగూడెం యార్డులో ఉల్లిపాయల వ్యాపారం ఆయనది. తడిసిన సరుకు కుళ్ళకుండా ఎండలో ఆరబోయడం తప్ప ఆయనకి తెలిసిన వైద్యం లేదు.

సింధూరికి వచ్చింది మల్టిపుల్ స్క్లిరోసిస్ అనీ, నరాల మీది పొర దెబ్బతింటోందనీ ఏలూరు డాక్టరు చెప్పారు. విటమిన్ డి బాగా తక్కువుందనీ, ఆ లోపానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయనీ కూడా అన్నారు. మిగతాదంతా గాలికిపోయి, ఆ ఒక్క ముక్కే అమరేశ్వరరావు చెవిలో నిలిచింది. పిల్ల నల్లబడుతుందని కాలేజీకి సైతం గొడుగు లేకుండా పంపని భార్య కుసుమకుమారిని దోషిని చేసేశాడు. ఆ ఎర్ర గొడుగు అటకెక్కింది. ఎండ ఉండగా డాక్టరు జబ్బుకి రాసిచ్చిన ఇంజెక్షన్లెందుకని వాటినీ మాన్పించాడు. ఆవిడ నోరెత్తలేదు. తప్పు తనదేనని ఆవిడా నమ్మింది మరి.

ఆ రోజు ఎండ ముదిరింది. మెట్లు దిగుతూ చూపు మసకబారి సింధూరి కూలబడిపోయింది.

ఏలూరు తీసుకెళ్తే డాక్టరు కోప్పడలేదు. అమరేశ్వరరావుకి అదే ఎక్కువ బాధగా ఉంది. డి తక్కువైతే ముప్పు పెరగొచ్చుగానీ జబ్బుకి అదొక్కటే కారణం కాదట, ఇప్పుడు ఎండలో కూర్చోబెడితే పోయేదీ కాదట. వేడికి మసకబారిన చూపు చల్లబడ్డాక తేరుకుంటుందిగానీ, మందు మానేసిన సందులో కంటి నరానికి తగిలిన ఈ దెబ్బ పూర్తిగా మానుతుందని చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చాక కుసుమకుమారి దాచుకున్నదంతా బయటపడింది.

"నీడలో పెంచి నేను చెడగొట్టానన్నారు. సరేనండీ. ఎండలో పెట్టి మీరేం బాగుచేశారు?"

"రోజూ బావుందనే చెప్పేదిగా పిల్ల..." అన్నాడాయన, నేలచూపులు చూస్తూ.

సింధూరి గోడ పట్టుకుని నిలబడింది. "కళ్ళు మసకలొస్తూనే ఉన్నాయి నాన్నా. డాబా ఎక్కినప్పుడే మీ మొహంలో కాస్త ఆశ కనబడేది. ఎలా చెప్పను?"

ఆయన కూతురి పాదాల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక కుసుమకుమారికి ఇంక కోపం నిలవలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళడానికి ఆటో వచ్చింది. అటక మీంచి గొడుగు ఆయనే దింపి, కండువాతో దుమ్ము తుడిచి, కూతురి తల మీద విప్పాడు. కుసుమకుమారి రెండోవైపు చెయ్యి పట్టుకుంది.

సింధూరి తలెత్తి చూసింది.

"కొత్తది కొన్నారా నాన్నా? బూడిద రంగు బావుంది."

ఆ ఎర్ర గొడుగు కిందే ఇద్దరూ ఆమెని ఆటో దాకా నడిపించారు.