ఎర్ర చుక్కల పిండిముద్ద

పాలు కాచాలి. మోటారు వేసి ట్యాంకు నింపాలి. అచ్చులు చేసే మేస్త్రి మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వస్తున్నాడు కాబట్టి నాటుకోడి వండాలి. భర్తకు ఇస్త్రీ చొక్కా తీసి పెట్టాలి. కోడలు స్నానానికి వెళ్లగానే ఆమె అల్మారా తెరిచి చూడాలి.

ఆ పొద్దున సుగుణ మనసులో ఉన్న పనులివి. మిగతావి రోజూ ఉండేవే. చివరిదే ఆమెను సరిగ్గా నిద్రపోనివ్వలేదు.

చపాతీలు చేసిన రోజు మొదలైంది అనుమానం. కోడలు పద్మలత కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి, "అత్తమ్మా, జర దీన్ని గట్టిగ పిడికిట్ల పట్టుకో" అంది. ఎందుకే అని అడిగితే "ఊకెనే" అని నవ్వింది. సుగుణ వేళ్ల అచ్చు పడిన ఆ ముద్దను పద్మలత చపాతీ చేయలేదు, పారేయనూ లేదు. చున్నీ చాటున పెట్టుకుని తన గదిలోకి వెళ్లింది. మర్నాటి నుంచి అల్మారాకు తాళం పడింది.

పక్కింటి రాజక్కతో ఈ మాట అంటే ఆమె గొంతు తగ్గించింది.

"మీ కోడలిది ఏ ఊరంటివి?"

"ములుగు అవతల."

"అడవి దిక్కా! చేతి అచ్చు ఎవలన్న ఊకెనే తీసుకుంటరా సుగుణా? జర పైలంగుండు."

సుగుణ భర్త సారయ్యకు ములుగు రోడ్డులో చిన్న షెడ్డు ఉంది. అందులో ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు పోస్తారు. కొత్త రకం మగ్గుకు ఇనుప అచ్చు, అంటే డై, చేయించాలని ఆయన ఆలోచన. ఆ మాట ఖాయం చేసుకోవడానికే మేస్త్రిని పిలిచాడు. సుగుణ మాత్రం ఇంకొకటి ఖాయం చేసుకుని ఉంది. అల్మారాలో చేతబడి లాంటిదేదైనా దొరికితే కోడలిని ఈ రోజే పుట్టింటికి బస్సెక్కించాలి.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినగానే సుగుణ కోడలి దిండు కింద నుంచి తాళంచెవి తీసింది. చీరల వెనక పేపర్లో చుట్టిన మూట ఉంది. విప్పింది. ఎండి గట్టిపడిన తన పిడికిలి! వేళ్ల గుంటల్లో ఎర్రటి చుక్కలు. చుట్టూ దారం. దాని పక్కన మైనంతో చేసిన ముక్కలు, వంగిన వేళ్లలా.

హాల్లో సారయ్య చాయ్ తాగుతున్నాడు. కొడుకు భానుచందర్ షెడ్డుకు బయలుదేరుతున్నాడు. ఆమె మూట తెచ్చి వాళ్ల ముందు పడేసింది.

"ఇగో, చూడు నీ పెండ్లాం చేస్తాన్న పని!"

"ఏందమ్మా? పిండిముద్ద గద."

"పిండిముద్ద గాదురా, నా చెయ్యి! చుక్కలు పెట్టింది, దారం కట్టింది. ఇయన్ని అడవి దిక్కు విద్యలు. గా ముద్ద పట్టిచ్చిన కాడి నుంచే నా వేళ్లు వంగుతలేవు. గరిటె జారుతాంది, మగ్గు జారుతాంది..."

సారయ్య గ్లాసు కింద పెట్టాడు. "నీ వేళ్లకేమైంది?"

సుగుణ నాలుక కరుచుకుంది. ఇంతకాలం దాచుకున్న మాట తన నోటితోనే బయటపడింది.

అప్పుడే తడి జుట్టుతో పద్మలత వచ్చింది. విప్పిన మూటను చూసింది. "అత్తమ్మకు ఎండాకాలం నుంచే వేళ్లు వంగుతలేవు మామయ్యా" అంది మెల్లగా.

"చూసిన్రా, ఒప్పుకుంటాంది!"

"దవాఖానకు పోదాం రమ్మన్న. 'నాకేం రోగం, నా వంటింటి మీద కన్నేసినవా' అన్నవు. యాదికున్నదా?"

సుగుణ ముఖం తిప్పుకుంది.

"మరి చుక్కలేంది?" భానుచందర్ అడిగాడు. వాడి గొంతులోనూ కొంచెం అనుమానం ఉంది. అది పద్మలతకు తగిలింది.

"నేల్ పాలిష్. ఒత్తుడు ఎక్కడ పడ్తదో గుర్తు పెట్టుకున్న. దారం కొలతకు. నువ్వు గూడనా భానూ?"

"తాళమెందుకేసినవ్ మరి?"

"ముందుగాల నమూనా చేసి చూద్దామంటే మామయ్య పిల్లలాట అని నవ్విండు. అయినంక చూపిద్దామని దాచిన. కొత్త మగ్గు పిడి అత్తమ్మ వేళ్లకు ఇరుకు. మామయ్య గీయిచ్చిన బొమ్మ కాగితం మీద సక్కగనే ఉన్నది గానీ చెయ్యి పెడితేనే గద తెలిసేది."

సారయ్య విసుక్కున్నాడు. "నమూనాలు చేసుకుంట కూసుంటే సరుకెప్పుడు పోసేది?"

"డై కోసినంక తప్పు తెలిస్తే ఏం చేస్తం? మైనమైతే కరిగిచ్చుకుంటం. ఇనుమును కరిగిస్తమా? షెడ్డు మూలకు టిఫిన్ డబ్బా మూత డై పడున్నది. మూత కుదరదని ఎప్పుడు తెలిసింది మామయ్యా?"

పద్మలత గదిలోకి వెళ్లి పిడి తీసేసిన పాత మగ్గు తెచ్చింది. దానికి లోపల తీగ పెట్టి చేసిన మైనపు పిడి బిగించి ఉంది. నిండా నీళ్లు పోసింది. "బొమ్మల ఉన్నది ఉన్నట్టు చేసిన."

"నేను ముట్ట" అంది సుగుణ.

సారయ్యే పట్టుకుని లేపాడు. "మంచిగనే ఉన్నది గద!"

"మీ చేతికి మంచిగున్నది మామయ్యా."

ఆయన మగ్గును భార్య ముందుకు జరిపాడు. "ఒక్కసారి పట్టు సుగుణా."

ఆమె వేళ్లు పెట్టింది. రెండు దూరాయి, మూడోది ఇరుక్కుంది. లేపబోతే మగ్గు ఒరిగి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆ వంకర తిరిగిన కణుపులను సారయ్య అప్పుడే సరిగ్గా చూశాడు.

"ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"చెప్తే పొయ్యి కాడికి రానిస్తరా? ఇంక నాకు ఈ ఇంట్ల ఏం పనుంటది?" సుగుణ చేతిని కొంగు కిందకు లాక్కుంది.

పద్మలత మూటలోంచి రెండో మైనపు పిడి తీసి మగ్గుకు బిగించి, మళ్లీ నీళ్లు నింపింది. ఇది కింది వైపు తెరిచి ఉంది, తనే ఆలోచించి చేసింది. సుగుణ ఒంటి చేత్తో మగ్గు లేపింది. నీళ్లు తొణకలేదు. కానీ మొహం చిట్లించింది.

"బొటనేలు కాడ కోస్తాంది. ఇది గూడ బాగలేదు."

కోడలు బాధపడుతుందనుకుంది. పద్మలత కళ్లు మెరిశాయి. "మైనంల ఉన్నప్పుడే తెలిసింది, బతికినం!" అంటూ చాకుతో అక్కడ చెక్కడం మొదలుపెట్టింది.

సారయ్య ఫోన్ తీశాడు. "మేస్త్రీ, ఇయ్యాల రాకు. మా ఇంట్ల ఇంకా చెయ్యి కుదరలే."

తండ్రీకొడుకులు షెడ్డుకు వెళ్లారు. పద్మలత తడి నేల తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మాది అడవి దిక్కనే గట్లనుకున్నవా అత్తమ్మా?"

కాదని చెప్పవచ్చు. రాజక్క మీదకు తోసేయవచ్చు. సుగుణకు ఆ రెండూ చేతకాలేదు.

"అనుకున్న బిడ్డా."

పద్మలత కళ్లలోంచి నీళ్లు జారాయి. గుడ్డ పిండే నెపంతో పక్కకు తిరిగింది. సుగుణ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. క్షమించమని ఎలా అడగాలో ఆమెకు తెలియదు. ఎన్నాళ్లుగానో కొంగు కింద దాచుకుంటున్న కుడిచేతిని కోడలి ముందు చాపింది.

"దా, మల్ల కొలువు. ఏ వేలు ఎంత వంగుతదో, ఎక్కడ నొస్తదో నేనే చెప్త. గానీ ఈసారి తాళమెయ్యకు."

పద్మలత ఏడుస్తూనే నవ్వింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఇనుము కోయడానికి ముందు ఆ పిడి మైనంలో చాలాసార్లు మారింది. ఇప్పుడు ఆ మగ్గు బజారులో దొరుకుతోంది. దాని మీద షెడ్డు పేరుంది, సుగుణమ్మ పేరు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఏ వస్తువైనా జారకుండా నిలిస్తే, నొప్పి దాచుకోకుండా "ఇది గూడ బాగలేదు" అని చెప్పిన ఆమెను ఒక్కసారి తలుచుకోండి.