తిరిగే డిస్క్, ఆగిన డిస్క్

“బల్ల ఊపకు మారిత్! పాటలు కంప్యూటర్‌లోకి కాపీ అవడం ఇప్పుడే మొదలైంది,” అంది పాచియా.

మారిత్ మోకాలు ఆగలేదు. అది ఎప్పుడూ ఆగదు. బయట మంచు తుపాను. ఆటల పీరియడ్ లేదన్నారు. స్కూల్ లైబ్రరీలో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది.

బల్లమీద హార్డ్ డిస్క్ సన్నగా గుయ్యిమంటోంది. పాచియా అమ్మమ్మ తమ హ్మాంగ్ భాషలో పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

“అబ్బో, గాజుబొమ్మ మరి! మా నాన్న ఫ్యాక్టరీలో పొద్దస్తమానం వీటిని పరీక్షకని ఎత్తి పడేస్తాడు, తెలుసా? తమ బరువుకు మూడువందల రెట్ల దెబ్బకైనా చెక్కుచెదరవు. చూడు!”

“వద్దే!”

మారిత్ దాన్ని బెత్తెడు ఎత్తి వదిలేసింది.

ఠక్. ఆపైన టిక్, టిక్, టిక్. కాపీ ఆగిపోయింది.

పాచియా ఏడవలేదు. డిస్క్ సంచిలో పెట్టుకుని, మారిత్ వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం నాన్న బూట్ల మంచు దులుపుకోకముందే మారిత్ అంతా చెప్పేసింది.

“తిరుగుతుండగా వదిలావా, ఆగాకా?”

“ఏదైతే ఏం?”

“లోపల పలక తిరుగుతుంది. చదివే ముల్లు దానికి తగలకుండా పైన తేలుతుంది. ఆ సందులో వెంట్రుక కూడా పట్టదు. ఆపితే ముల్లు పక్కకెళ్ళి కూర్చుంటుంది. బెంచీమీద కూర్చున్నవాణ్ణి గుద్దితే ఏమవుతుంది? స్కేట్లమీద జోరుగా పోయేవాణ్ణి గుద్దితే?”

“మూడువందలన్నావుగా!”

“ఆగినదానికి. తిరిగేదానికి అందులో నాలుగోవంతైనా లేదు. నేను రెండూ చెప్పాను. నువ్వు పెద్ద అంకె విని లేచి వెళ్ళిపోయావు.”

“పడుతున్నప్పుడు ముల్లు తప్పుకుంటుందని కూడా అన్నావు...”

“కొన్నింట్లో. వాటికైనా బెత్తెడు ఎత్తులో తప్పుకునే వ్యవధేది?”

“బాగుచేస్తావా?”

“గీసుకుపోయిన పలకను ఎవరూ బాగుచేయలేరు.”

శనివారం మారిత్ తన డిస్క్ పట్టుకుని పాచియా ఇంటికి వెళ్ళింది. తప్పయిందని చెప్పింది. అమ్మమ్మ ముఖం మెత్తబడలేదు.

“మిగతావి మళ్ళీ పాడతాను. మా చెల్లెలు పోయిననాటి పాట మాత్రం రాదు. అది ఆ పూట నోటికొచ్చింది, అంతే,” అంది.

పాటలు ఎక్కించడానికి మారిత్ తన డిస్క్‌ను బల్లమీద పెట్టి వైరు తగిలించింది.

అమ్మమ్మ పాట ఎత్తుకుంది. మారిత్ మోకాలు కదిలింది. తను గబుక్కున బల్ల దగ్గర్నుంచి లేచి, దూరంగా నేలమీద కూర్చుని, రెండు చేతులతో కాళ్ళు బిగించి పట్టుకుంది. పాట ఎంతకీ తెమల్లేదు.

అయ్యాక పాచియా వైరు పీకి, డిస్క్ ఎత్తబోయింది.

“ఉండవే. ఇంకా తిరుగుతోంది.”

మారిత్ దానిమీద అరచేయి ఆనించింది. వణుకు సన్నబడింది. ఇంకా సన్నబడింది. వీధిలో పిల్లలు మంచుబంతులు విసురుకుంటూ ఆమెను పేరుపెట్టి పిలుస్తున్నారు. మారిత్ కదల్లేదు.

“ఇప్పుడు తియ్యి,” అంది.