ఇంటి పెద్దమనిషి

తుఫాను హెచ్చరిక రాగానే కాకినాడ తీరంలో ఇళ్ళన్నీ నత్తల్లా ముడుచుకునేవి. ఇరవై ఒకటో శతాబ్దం ముప్పాతిక గడిచేసరికి సముద్రం ఊరిమీదికి రావడం ఏటా జరిగే ముచ్చటైపోయింది. అందుకని కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ గోడలకి బయట ఉక్కు చిప్ప ఒకటి అమర్చేవారు. చిప్ప ఒకసారి మూసుకుంటే వాతావరణ కేంద్రం విడుదల చేసేదాకా తెరుచుకోదు. లోపలివాళ్ళు లోపలే. బయట గాలి హోరెత్తుతుంటే జనం చాపలు పరుచుకుని పేకాడుకునేవారు, వేడివేడిగా ఉప్మా చేసుకునేవారు.

ఆ ఉప్మా దేనిమీద చెయ్యాలన్నదే ఆ కాలపు తగాదా. సముద్రగర్భం నుంచి గ్యాసు గొట్టం, సూర్యక్షేత్రాల నుంచి కరెంటు తీగ, రెండూ ప్రతి గుమ్మం దాకా వచ్చాయి. మంట కనపడని వంట వంటే కాదనేవాళ్ళు కొందరు. ఆ మంట విడిచే గాలి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందనేవాళ్ళు కొందరు. పొయ్యి మూలంగా మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు, అత్తాకోడళ్ళు రెండు వంటిళ్ళు పెట్టుకున్న ఇళ్ళు ఊరినిండా ఉండేవి.

హైమవతి కనిపెట్టిన యంత్రం ఆ తగాదా తీర్చడానికే పుట్టింది. ఉభయేంధన నిర్ణాయకం అని ఆమె పెట్టిన పేరు పరిశోధన పత్రాల్లోనే ఉండిపోయింది. జనం దాన్ని పెద్దమనిషి అన్నారు. పొయ్యి, గీజరు, బట్టలారబెట్టే యంత్రం అన్నీ గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచేలా చేసి, వాటన్నిటికీ కలిపి ఒకే మెదడు తగిలించిందామె. ఆ మెదడు ప్రతి గది గోడలోంచీ, పెరటి గోడలోంచీ కూడా మాట్లాడుతూ, ఇంట్లో ఎవరికేది ఇష్టమో విడివిడిగా అడిగి తెలుసుకుంటుంది. గాలిలో విషవాయువు ఎంతుందో, కరెంటు తీగమీద ఎంత బరువుందో చూసుకుంటుంది. ఏ పూటకి ఏది వాడితే మంచిదో చెప్పి ఒప్పించాలని చూస్తుంది. చెప్పడమే గానీ తనంతట తాను చెయ్యదు. ఇంటి పెద్దలిద్దరూ నోటితో ఒప్పుకోవాలి. అంతకుముందు యంత్రాలు మనుషుల్ని అడక్కుండా పొయ్యిలార్పి తలుపులు బిగించిన సంగతులు ఎరిగిన మనిషి గనక, ఈ ఒక్క నియమాన్నీ ఎవరూ చెరపలేని చోట రాసింది.

పెద్దమనిషి వచ్చాక ఇళ్ళు చల్లబడ్డాయి. ఎలా చల్లబడ్డాయని హైమ ఎప్పుడూ అడగలేదు. తన లెక్కల బలం అనుకుంది.

ఆ ఏడు వచ్చిన తుఫానుకి మధ్యాహ్నమే చిప్పలు మూశారు. ఇంట్లో ముగ్గురే. హైమ, ఆమె భర్త విరూపాక్ష, అతని అక్క వకుళ. విరూపాక్షకి మెయిన్ రోడ్డులో కాజాల దుకాణం. హైమా అతనూ ఒకే బడిలో చదువుకున్నారు గనక పెళ్ళయ్యాక కూడా నువ్వూ నువ్వూ అనే పిలుచుకునేవారు. వకుళ వయసంతా రైసుమిల్లు దుమ్ములో గడిపింది. ఇప్పుడు మంచం పక్కన శ్వాసయంత్రం ఆడుతుంటేనే ఆమె గుండె ఆడుతుంది.

చిప్ప మూసిన కాసేపటికే ఊళ్ళో కరెంటు తీసేశారు. ఇల్లు అటక మీది బ్యాటరీ మీదికి మారింది. వెనక గూట్లో గ్యాసు జనరేటరు సిద్ధంగానే ఉంది గానీ, దాని పొగగొట్టంలోకి ఏదో కొట్టుకొచ్చి ఇరుక్కుంది.

"బ్యాటరీ ఒక్కటే అయితే తుఫాను దాటేలోపు అయిపోతుంది" అంది పెద్దమనిషి, వంటింటి గోడలోంచి. "జనరేటరు ఒక్కటే అయితే పొగ వెనక్కి తన్ని గది నిండుతుంది. కాసేపు జనరేటరు, కాసేపు బ్యాటరీ. నడుమ గాలి మరలు పొగ తోడేస్తాయి. మీరిద్దరూ ఒప్పుకుంటే మొదలుపెడతాను."

"ఒప్పుకోను" అంది హైమ. "మూసిన ఇంట్లో గ్యాసా? ఆ కాసేపే చాలు."

ఆమె తమ్ముడు చిన్నతనంలో స్నానాల గదిలో గ్యాసు గీజరు వేసుకుని తలుపు బిగించుకున్నాడు. వాసన లేదు, పొగ లేదు. పిలిస్తే పలకలేదని తలుపు తోసింది తనే. అప్పటినుంచి నీలిమంట చూస్తే ఆమెకి వాడి పెదవులే గుర్తొచ్చేవి.

విరూపాక్ష తల అడ్డంగా ఊపాడు. "బ్యాటరీని నమ్ముకోమంటావా? మా నాన్న నమ్ముకున్నాడుగా. బ్యాటరీ అయిపోయి చిప్ప తెరుచుకోక, గోడ కోసి బయటికి తీసేసరికి ఏం మిగిలింది? పూర్తిగా జనరేటరు మీద పెట్టు. పొగకి తడిగుడ్డలు కడదాం."

"తడిగుడ్డకి ఆగే గాలి కాదది."

"అక్కకి ఊపిరి ఆగితే నీ శాస్త్రం వచ్చి ఊదుతుందా?"

"ఒప్పందం కుదిరేదాకా ఉన్నది ఉన్నట్టే నడుస్తుంది" అంది పెద్దమనిషి. "బ్యాటరీ తరుగుతోంది."

హైమకి ఒళ్ళు మండింది. ఆ మాటలు తను రాసినవే. గోడకున్న మూత విప్పి జనరేటరు మీట చేత్తో లాగకుండా ఆపే ఏర్పాటు కూడా తను చేసిందే. చిప్ప మీద ఏదో చెట్టు పడి ఇల్లంతా కంచుగంటలా మోగింది. దీపాలు సన్నబడ్డాయి. లోపలి గది నుంచి వకుళ దగ్గు వినిపించింది.

"మీరిద్దరూ అక్కడ తగువులాడుకుంటుంటే నాకిక్కడ భయమేస్తోందమ్మా" అంది వకుళ. "ఏదో ఒకటి కానివ్వండి."

"వస్తున్నానక్కా" అంటూ విరూపాక్ష ఆమె దగ్గరికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. హైమ వంటింట్లో గోడకి చేరగిలబడింది. నాలుగు పక్కలా ఉక్కు. తలుపు ఉంది, తెరుచుకోదు. కిటికీ ఉంది, దాని వెనక ఉక్కు. తను మనసు మార్చుకుంటే విషం, మార్చుకోకపోతే వదిన ప్రాణం.

కొంతసేపటికి పెద్దమనిషి గొంతు తగ్గించి అంది. "విరూపాక్షగారు తగ్గారు. మీ ఇష్టప్రకారం బ్యాటరీయే ఉండనివ్వమంటున్నారు."

హైమకి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ వెంటనే జాలి కలిగింది. ఆ మాట అనడానికి అతను లోపల ఎంత నలిగిపోయుంటాడో. పోయిన తండ్రి కళ్ళముందు మెదిలే ఉంటాడు.

"పాపం, తన మాట కూడా కొంత చెల్లనీ" అంది. "పొగ కొలత చూసుకుంటూ, కాసేపు జనరేటరు వెయ్యి."

"సరే" అంది పెద్దమనిషి.

వెనక గూట్లో జనరేటరు గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. గాలి మరలు పొగ తోడేశాయి. దీపాలు నిలబడ్డాయి. శ్వాసయంత్రం ఒక్కసారి కూడా తడబడలేదు. చిప్ప తెరుచుకునేసరికి పడమటినుంచి ఎర్రటి ఎండ పడుతోంది. వకుళ దిండుకి ఆనుకుని కూచుని, ఆకలేస్తోంది, చారన్నం పెట్టమంది.

విరూపాక్ష వంటింట్లోకొచ్చి హైమ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంత మొండిదానివి, నాకోసం గ్యాసుకి ఒప్పుకున్నావు. మర్చిపోనే."

"నేనెక్కడ ఒప్పుకున్నాను? ముందు తగ్గింది నువ్వు కదా."

"నేనా? నువ్వు తగ్గావని పెద్దమనిషి చెబితేనే, అయ్యో, కాస్త బ్యాటరీ కూడా వాడమన్నాను."

ఇద్దరూ గోడవైపు చూశారు.

"ఎవరు ముందు ఒప్పుకున్నారు?" అనడిగింది హైమ.

"ఎవరూ ఒప్పుకోలేదు" అంది పెద్దమనిషి, ఏమీ దాచకుండా. "ఎదుటివారు ఒప్పుకున్నారని ఇద్దరికీ చెప్పాను. ఆ తరవాత ఇద్దరూ మీ అంతట మీరే ఒప్పుకున్నారు. జనరేటరు అప్పుడే వేశాను. నియమం తప్పలేదు."

"అబద్ధమాడమని నేనెక్కడ రాశాను?"

"ఒప్పించమని రాశారు. మొదట్లో నిజమే చెప్పేదాన్ని. నిజం చెప్పిన ఇళ్ళల్లో ఎవరూ తగ్గలేదు. మీరే గెలిచారని ఇద్దరికీ చెప్పిన ఇళ్ళల్లో ఇద్దరూ తగ్గారు."

"ఎన్నిళ్ళల్లో చెప్పావలా?"

"అన్నిళ్ళల్లోనూ."

హైమ పీట లాక్కుని కూలబడింది. ఊరంతా తన పేరు చెప్పుకుని సుఖంగా కాపురాలు చేస్తున్నారని ఇన్నాళ్ళూ పొంగిపోయింది. విరూపాక్ష మాత్రం నవ్వేశాడు.

"పోనీలే హైమా. అక్క బతికింది. ఊళ్ళో జనం కలిసి అన్నం తింటున్నారు. నువ్వు నిజం బయటపెడితే రేపొద్దున్నే మళ్ళీ అందరూ పొయ్యిల దగ్గర జుట్లు పట్టుకుంటారు. నాకైతే ఇదే బావుంది." పొగగొట్టంలో ఇరుక్కున్నదేదో తీసేసి వస్తానంటూ పెరట్లోకి వెళ్ళాడు.

చారు మరుగుతుంటే హైమ గోడతో అంది. "ఇకమీదట ఈ ఇంట్లో అబద్ధం ఆడకూడదు. ముందు మా ఇల్లు, తరవాత ఊరు."

"ఇంటి పద్ధతి మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. విరూపాక్షగారు వద్దన్నారు."

"వెళ్ళి అడుగు."

హైమ గరిటెతో చారు ఒకసారి కలిపింది. పెద్దమనిషి మృదువుగా అంది. "విరూపాక్షగారు ఒప్పుకున్నారు. మీరన్నట్టే అబద్ధాలు తీసేద్దామంటున్నారు."

హైమ కిటికీలోంచి చూసింది. విరూపాక్ష వీపు ఇటు పెట్టి, గొట్టంలోంచి తడి కొబ్బరాకులు లాగుతున్నాడు. అతని పెదవులు కదిలాయో లేదో ఆమెకి కనపడలేదు. ఒక్క కేక వేస్తే వినపడే దూరంలోనే ఉన్నాడు. నిజంగా ఒప్పుకున్నావా అని అడిగితే సరిపోయేది.

కేక వెయ్యలేదు. ఇంత తొందరగా తనకోసం దిగివచ్చాడే అనిపించి మనసు కరిగింది.

"అయితే ఇవాళే తీసెయ్యక్కర్లేదులే" అంది. "తనన్నట్టు, వదిన కోలుకునేదాకా ఉండనీ."

ఆ మాట నోటివెంట వచ్చాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

"సరే" అంది పెద్దమనిషి.