గుమ్మం దగ్గర రెండో జత

"ఈ చెప్పులెవరివండీ?"

ఫోన్లో ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అదే. హలో కూడా లేదు.

"ఏ చెప్పులు?"

"నాలుగో పేజీలో, హీరోయిన్ గుమ్మం దగ్గర. ఆవిడ చెప్పుల పక్కన మగవాళ్ల జత ఒకటి వేశారు. సీరియల్లో ఆ అమ్మాయి ఒక్కతే ఉంటుంది. తీసెయ్యండి."

మధ్యలో ఆగిపోయిన టీవీ సీరియల్‌ని మేము కామిక్ పుస్తకాలుగా కొనసాగిస్తున్నాం. బొమ్మలు నావి. ఆవిడ మొదటి ఎపిసోడ్ నుంచీ ఆ సీరియల్‌కి పనిచేసిన మనిషి. నా పేజీలు పాత కథకి అడ్డం తిరగకుండా చూడటం ఇప్పుడు ఆవిడ ఉద్యోగం. కథలో నిజంగా జరిగినట్టు లెక్కలోకి వచ్చేదాన్ని కానన్ అంటారు. అందుకే ఆవిడకి కానన్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. అలా పిలిచే ధైర్యం మాత్రం లేదు.

ప్రతి సంచికకీ ఫోన్ వచ్చేది. కిటికీ అటు కాదు, ఇటు. గొడుగు నలుపు కాదు, నీలం. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అనుకున్నాను. తర్వాత్తర్వాత ఫోన్ రాని రోజు ఏమీ తోచేది కాదు. నా గదిలో రోజంతా పెన్సిల్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు మరి. కావాలనే గొడుగు నల్లగా వేసి పంపేవాణ్ణి.

"మళ్లీ నలుపేనా? మీకు మతిమరుపా, మొండితనమా?"

"రెండూ కాస్త కాస్త ఉన్నాయండీ."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుతో వారం గడిపేశాను.

ఒక వానరోజు ఉండబట్టలేక అడిగాను. "సీరియల్ ఆగింది గానీ ఆ అమ్మాయి బతుకు ఆగలేదు కదండీ. ఎవరైనా రావచ్చుగా?"

ఫోన్లో అటువైపు కూడా వాన చప్పుడు వినపడుతోంది.

"ఆఖరి రోజు ఆ సెట్‌కి తాళం వేసింది నేనే. గుమ్మం దగ్గర ఒక్క జతే ఉంది. ఎవరూ రారండీ. నాకు తెలుసు."

ఆవిడ కూడా నాలాగే ఒంటరిదని అప్పుడర్థమైంది. మాట మార్చి గొడుగు రంగు అడిగాను.

చివరి సంచిక రానే వచ్చింది. ఇది అయిపోతే ఆవిడకి నాతో పనుండదు. దిగులుతో బుద్ధిగా గీశాను. నీలం గొడుగు, ఇటువైపు కిటికీ, ఒక్క జత చెప్పులు. తప్పు లేకపోతే ఫోన్ రాదన్న సంగతి పంపించాక గుర్తొచ్చింది. తల బాదుకున్నాను.

కొన్నాళ్లకి మోగింది.

"రెండో జత చెప్పులేవండీ?"

"మీరే తీసెయ్యమన్నారు. సీరియల్లో లేవుగా."

"సీరియల్ అయిపోయిందిగా. ఆ జత ఎవరిది చూసి వేశారు?"

"నాదేనండీ. మా ఇంట్లో చూసి గీయడానికి అవే ఉన్నాయి."

"అయితే రేపు మా ఇంటికి తీసుకురండి. సరిచూడాలి."

"చెప్పులొక్కటేనా?"

"కాళ్లకి వేసుకునే రండి."

మర్నాడూ వానే. ఆవిడ గుమ్మం దగ్గర నీలం గొడుగు ఆరేసి ఉంది. దాని పక్కన ఒకే జత చెప్పులు. నావి విప్పి ఆ పక్కనే పెట్టాను. తలుపు తీసిన ఆవిడ నా మొహం కన్నా ముందు కిందికే చూసింది. కళ్లు తుడుచుకుంది.

"మీ ఎడమ చెప్పు పట్టీ తెగింది. బొమ్మలో తెగలేదు."

"దిద్దుతానండీ."

"వద్దు. బొమ్మ సరిగ్గానే ఉంది," అని పక్కకి జరిగి దారిచ్చింది. "చెప్పు కుట్టిద్దాం."