పోతుతీగ

తెల్లవారేసరికి ట్రాక్టరు వచ్చి పెరట్లో ఇటుకలు దింపి వెళ్ళిపోయింది. ఎర్రటి ఆ గుట్టను చూస్తే పద్మావతికి తృప్తిగా ఉండాలి. గోడ కట్టించమని మొగుడి ప్రాణం తోడింది తనే. కానీ పొద్దుటినుంచీ ఆవిడ ఒకచోట నిలవలేకపోతోంది. పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వచ్చింది. పెరట్లోంచి వీధిలోకి వెళ్ళింది. ఆ లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"ఏవే, ఈ ఏడు ఆకాకరకాయ మొహం చూడలేదు మనం," అన్నాడు వీర్రాజు కాఫీ చల్లార్చుకుంటూ. "శ్రావణం వచ్చేసింది. పక్కింటి నుంచి దుర్గ కూరగిన్నె పంపలేదా?"

"మాకు దానాలొద్దని పోయినేడే తిప్పి పంపేశాను కదా."

"కూరగిన్నెతో పోట్లాడే మనిషిని నిన్నే చూశాను."

"దడి రాట జానెడు మనవైపు జరిపినప్పుడు మీ తమ్ముడితో మీరు పోట్లాడి ఉంటే, గిన్నెతో పోట్లాడే పని నాకుండేది కాదండీ."

వీర్రాజు గ్లాసెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అన్నదమ్ముల ఇళ్ళ మధ్య ఉన్నది ఉత్త కొబ్బరికమ్మల దడి. తొంభయ్యారులో దీపావళి ముందొచ్చిన తుఫానుకి అది లేచి కాలవలో పడింది. చెట్లన్నీ నేలకొరిగిన ఆ రోజుల్లో రెండు కుటుంబాలూ ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాయి. మళ్ళీ దడి కట్టినప్పుడు వచ్చింది తగువు.

ఆ దడికి అటొకటీ ఇటొకటీ ఆకాకర పాదులు. అత్తగారు పెద్దింట్లమ్మ సఖినేటిపల్లి నుంచి దుంపలు తెచ్చి పక్కపక్కనే పాతింది. ఆవిడ పోయాక పంపకాల గీత సరిగ్గా ఆ రెండింటి మధ్యనుంచి పోయింది. మరిది బుల్లబ్బాయి వైపు పడిన తీగ ఏటా విరగకాసేది. పద్మావతి తీగ పూసేదే గాని ఒక్క పిందె పట్టేది కాదు. అక్కడితో ఆగినా బాగుండేది. రోజూ దీపాలవేళ తోడికోడలు విజయదుర్గ దడి సందులోంచి చెయ్యి పెట్టి, అప్పుడే విచ్చుకున్న పద్మావతి పువ్వుల్ని కోసుకుపోయేది. కాయలూ వాళ్ళకే, పువ్వులూ వాళ్ళకేనా!

ఈ ఆషాఢంలో తీగ లేచీ లేవగానే పద్మావతి గునపం పట్టుకుని దుంపతో సహా తవ్వేసింది. పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆకాకర దుంప అరగదీసి నుదుటికి పట్టు వేస్తే తలపోటు లాగేస్తుందని అత్తగారు అనేది. అందుకని నీళ్ళకుండ కింద తడి ఇసకలో దాచింది.

ఆ తరవాత దుర్గ తీగ కూడా పూయడం, రాలడమే అయింది. మొదట్లో పద్మావతికి లోపల్లోపల సంతోషమే. పోనుపోను ఆ రాలిన పసుపు పువ్వుల్ని చూస్తుంటే ఏదో తెలీని తత్తరపాటు పట్టుకుంది.

కాఫీల వేళ దాటాక తాపీమేస్త్రి లోవరాజు వచ్చి దడి పొడుగునా తాడు కట్టాడు.

"ఆయ్, ముగ్గు పోసేస్తానండి. అయితే అవతలి పాదు పునాదికి అడ్డొస్తందండి. తీసెయ్యాలి."

దడికి అవతల బిందె కింద పెట్టిన చప్పుడయింది. "తీసెయ్యండి లోవరాజుగారూ," అంది దుర్గ. "ఎలాగూ గొడ్డుబోయింది."

పద్మావతి నోరు ఆగలేదు. "పోదూ మరి! ఒకళ్ళ పువ్వులు దొంగతనంగా కోసుకుపోతే ఉసురు తగలదేంటి?"

"దొంగతనమా అక్కా? మీ పువ్వు నా తల్లో ఏనాడైనా చూసేరా?"

"తల్లో పెట్టుకోడానికి అదేమన్నా మల్లెపువ్వా? ఏం చేసుకున్నావో నీకే తెలియాలి!"

"మా పువ్వులకి రాసేదాన్ని," అంది దుర్గ. "మీది పోతుతీగ అక్కా. మాది పెంటిది. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉండవూ? ఇదీ అంతే. మీ పువ్వు పుప్పొడి తగిలితేనే మాది పిందె నిలబడేది. అత్తయ్యగారే నా చెయ్యి పట్టుకుని నేర్పేరు."

పద్మావతి దడి రాట పట్టుకుంది. "మరి నాకెందుకు నేర్పలేదు ఆవిడ?"

"ఆ వేళకి మీరు గేదెల దగ్గర ఉండేవారు. పాలు తియ్యడం రానిదాన్ని, నేనే గదా ఆవిడ పక్కన కూర్చునేది."

"నువ్వైనా చెప్పొచ్చుగా!"

"చెప్దామని దడి దగ్గరికొస్తే తలుపేసుకునేవారు మీరు. అయినా గిన్నె పంపేదాన్ని గదక్కా. అది దానమనుకున్నారా? ఆ కాయల్లో సగం మీవే."

లోవరాజు చేతిలో తాడు వదులైంది.

పద్మావతి లోపలికి వెళ్ళింది. కాయని పోతుబొప్పాయిని మొన్న వేసవిలో కొట్టించింది తనే. బొప్పాయిలో తెలిసిన ముక్క తీగలో తట్టలేదు. కణతలు పగిలిపోతున్నాయి. పట్టు వేసుకుందామని కుండ పక్కకి జరిపి ఇసకలో చెయ్యి పెడితే, వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. చీకట్లో, బరువు కింద, తెల్లటి మొలక పక్కకి వంగి దారి వెతుక్కుంటోంది.

ఆవిడ ఆ దుంపని కొంగులో పెట్టుకుని దడి దగ్గరికి వచ్చింది.

"సగం నా తలనొప్పులకే అరిగిపోయింది దుర్గా."

దుర్గ సందులోంచి తొంగి చూసింది. కళ్ళు తుడుచుకుంది. "మొలకున్న చివర మిగిలింది గదక్కా. చాలు."

"లోవరాజూ, ఆ తాడు విప్పెయ్," అంది పద్మావతి.

వీర్రాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మరి ఇటుకలో?"

"గేదెల సావిట్లో నేల పరిపించండి. పాపం బురదలో కాళ్ళు కుళ్ళిపోతున్నాయి."

"ఆ ముక్క ముందే ఏడిస్తే ట్రాక్టరు తిన్నగా సావిడి దగ్గరే దింపేది గదే!"

వినాయక చవితి వెళ్ళాక, మళ్ళీ పాతిన పోతుతీగ పువ్వెత్తింది. ఆ సాయంత్రం పద్మావతి మొదటి పువ్వు కోసి సందులోంచి అందించింది. దుర్గ అందుకోలేదు. కమ్మలు పక్కకి తోసి, "మీరే రాయండక్కా," అంది. పద్మావతి పువ్వుకి పువ్వు ఆనించి రాసింది. రాసిన పువ్వు కింద బుడిపె మర్నాటికి పసుపెక్కి రాలిపోయింది. ఆ మర్నాటిదీ అంతే. ఆవిడకి అన్నం సయించలేదు. నా చెయ్యే అలాంటిదేమో అనుకుంది.

వాన వెలిసిన ఒక పొద్దున, మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి ఆకు తిప్పి చూసింది. లేత ముళ్ళ పిందె, పచ్చగా, గట్టిగా, తొడిమ పట్టుకుని ఉంది.

"దుర్గా! నిలబడిందే! మనది నిలబడిందే!"

దుర్గ పిండిచేతులతో పరుగెత్తుకొచ్చింది. పద్మావతి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. పిందెని అరచేతిలో పట్టుకుని ఉంది.

"కోసెయ్యకండక్కా, ఇంకా పిందే."

"కొయ్యను లేవే," అంది పద్మావతి. "కాసేపు చూసుకోనీ."